ఫిబ్రవరి వార్తాలేఖ: విదేశాలకు వెళ్తున్న మన పిల్లలు, అక్కడి బడులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

రెండు వారాలుగా గేటు దగ్గర, వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట వినిపిస్తోంది. పిల్లలే పని ఎంచుకుని చేతులతో చేస్తూ నేర్చుకునే మన మాంటిస్సోరి బడి నుంచి పోయినేడు నెదర్లాండ్స్ వెళ్లిన ఏడేళ్ల పాపను అక్కడ "కింది తరగతిలో వేశారట" అని, "మాంటిస్సోరిలో చదివిస్తే ఇంతే" అని. ఈ జూన్‌లో మరో మూడు కుటుంబాలు అదే దేశానికి వెళ్తున్నాయి. ఆ ఇళ్ల అమ్మలు ఎంత టెన్షన్ పడుతున్నారో చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పాప వాళ్లమ్మగారితో నేనే ఫోన్లో మాట్లాడాను. కింది తరగతిలో ఎవరూ వెయ్యలేదు. డచ్ భాష రాకుండా వచ్చిన పిల్లలకు ఆరేళ్లు దాటి ఉంటే, అక్కడ చాలా ఊళ్లలో ముందు ఒక ఏడాది పాటు భాష నేర్పే తరగతికి పంపుతారు. ఏ దేశం నుంచి వచ్చినా, ఏ బడిలో చదివినా అంతే. నాలుగైదేళ్ల వాళ్లయితే సాధారణంగా నేరుగా మామూలు బడిలోనే చేరతారు. మన పాప వచ్చే ఏడు చేరబోయే మాంటిస్సోరి బడి చూడటానికి వెళ్లినప్పుడు, అక్కడి టీచరు అంకెల చీట్లతో 1,243 పేర్చి చూపించారట. ఒక్క డచ్ మాట రాకపోయినా మన పిల్ల అరల దగ్గరికి వెళ్లి వెయ్యి పూసల ఘనం ఒకటి, వందల పలకలు రెండు, పదుల కడ్డీలు నాలుగు, విడి పూసలు మూడు పళ్లెంలో పెట్టి తెచ్చిందట. ఆ సంగతి విన్నప్పటి నుంచి కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను.

ఇక బడి ఎంపిక. ఆ దేశంలో మాంటిస్సోరి, వాల్డార్ఫ్, డాల్టన్, యేనాప్లాన్ లాంటి వేర్వేరు బోధనా పద్ధతుల బడుల్లో చాలావాటికి ప్రభుత్వమే డబ్బిస్తుంది. 1917 నుంచీ ఉన్న ఏర్పాటు అది. కాబట్టి ఇలాంటి బడి అంటే లక్షల ఫీజు అని భయపడి ముందే వదులుకోకండి. డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ చదివింది కూడా ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక మాంటిస్సోరి బడిలోనే. అయితే బోర్డు మీద పేరు చూసి మాత్రం చేర్చకండి. మాంటిస్సోరి అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, ఇక్కడైనా అక్కడైనా. టీచరు ఎక్కడ శిక్షణ పొందారో అడగండి. వీలైతే ఒక గంట గదిలో ఓ మూల కూర్చుని, పని ఎంచుకుంటున్నది పిల్లలా, టీచరా చూడండి. వాల్డార్ఫ్ బడి మంచిదే, కానీ దాని దారి వేరు. 1919లో స్టుట్‌గార్ట్‌లో సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం మొదలైన పద్ధతి అది. కథలు, రంగులు, చేతిపనులు ముందు, చదవడం రాయడం ఆరేడేళ్లు వచ్చాకే. మన దగ్గర అయిదేళ్లకే కథలు చదివేస్తున్న పిల్లలను అక్కడ చేర్చేముందు ఈ సంగతి టీచరుతో మాట్లాడండి.

ఇప్పుడు నా మనసులో మాట. వీసా రాగానే ఇంట్లో తెలుగు ఆపేస్తున్నారు, "ప్రాక్టీసు కోసం" అంతా ఇంగ్లీషే. అక్కడి బడిలో మాట్లాడేది డచ్ అండీ! మొన్న ఒక బాబు కూజాలో నీళ్లు ఒలకబోసుకున్నాడు. ఇదివరకైతే "ఒలికిపోయాయి టీచర్" అని తనే గుడ్డ తెచ్చుకునేవాడు. ఇప్పుడు ఏ భాషలో చెప్పాలో తెలియక నా మొహం చూస్తూ నిలబడిపోయాడు. అయిదేళ్ల పిల్లాడి నోట్లోంచి ఉన్న ఒక్క భాషా లాగేస్తే వాడు భయాన్ని దేనితో చెప్పుకుంటాడు? కొత్త భాష నిలబడేది పాత భాష మీదే. రాత్రి పడుకునేటప్పుడు తెలుగులో కథ చెప్పండి, తాతయ్యకు ఫోన్ చేస్తే వాడినే మాట్లాడనివ్వండి. దయచేసి, చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇంకొకటి. అక్కడ మధ్యాహ్నం డబ్బా, చలికాలం కోటు, బూట్లు అన్నీ పిల్లలే చూసుకోవాలి. మన గేటు దగ్గరేమో ఆరేళ్ల పిల్లలకు అమ్మలు వంగి లేసులు కడుతున్నారు. అయిదు నిమిషాలు ముందు బయలుదేరితే పిల్లలే కట్టుకుంటారు. ఫోన్ చూపిస్తూ ఇడ్లీ పెట్టడం గురించి ఇంతకుముందే రెండుసార్లు రాశాను, మళ్లీ రాయను.

ఫీజు పదో తేదీలోగా కట్టండి, ఒంటిపూట బడులు మొదలయ్యాక వ్యాన్ సమయాలు మారతాయి, పోయిన స్వెట్టర్లు ఆఫీసులో ఉన్నాయి.

వెళ్తున్న మూడు కుటుంబాలవాళ్లూ ఈ శనివారం పదిన్నరకు రండి. మీ పిల్లల పరిశీలన రికార్డులు ఇంగ్లీషులో రాయించి ఉంచాం. మీ అబ్బాయి చిన్న తరగతి పాపకు కూజా మూతి గ్లాసు అంచుకు ఆనించి చుక్క ఒలక్కుండా పోయడం నేర్పుతున్న ఫొటో కూడా అందులోనే పెట్టాను, నీలం తరగతి గది బాబు అమ్మగారూ.

మీ
ప్రధానోపాధ్యాయురాలు