పలాస వైపు నుంచి వచ్చిన ఆ తల్లికి కృతజ్ఞతలతో

ముక్కు సరిచేసే ఆపరేషన్ అయ్యాక, నిన్న మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి విజయనగరంలోని మా ఇంటికి చేరుకున్నాను. ముక్కు కింది కుట్లు తీసేశారు. ఛాతీ కుడి పక్క, పక్కటెముక దగ్గర మృదులాస్థి (వంగే మెత్తటి ఎముక) తీసిన చోట, దగ్గినప్పుడల్లా ఇంకా పోటు వస్తోంది. ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను. అయినా నాలుగు రోజులు ఆగితే చెప్పవలసిన మాట చెప్పకుండానే మళ్లీ పనుల్లో పడిపోతానన్న భయంతో ఈరోజే రాస్తున్నాను.

పదహారు నెలల క్రితం నేను ఒక ప్రైవేటు క్లినిక్‌లో లిప్ లిఫ్ట్ చేయించుకున్నాను. పై పెదవి పొడవుగా కనిపిస్తోందన్న బాధ నాకు చిన్నప్పటి నుంచీ ఉండేది. ముక్కు కింద ఎద్దు కొమ్ముల ఆకారంలో కొంత చర్మం తీసి, పెదవిని పైకి లాగి కుట్టే శస్త్రచికిత్స అది. లోపలి పొరలకు సరైన ఆధారం ఇవ్వకుండా చర్మాన్నే బిగించి కుడితే ఆ లాగుడంతా ముక్కు అడుగు భాగం మీద పడుతుందని నాకు తర్వాతే తెలిసింది. నా ముక్కు రంధ్రాలు కిందికి, పక్కలకు సాగిపోయాయి. రంధ్రం వాకిట గడపలా ఉండే సన్నని గట్టు చదునైపోయింది. కుడి వైపు గాలి సరిగా ఆడేది కాదు. గత ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఊరంతా మూడులాంతర్ల కూడలి వైపు కదులుతుంటే నేను తలుపు వేసుకుని గదిలో కూర్చున్నాను. కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు కూడా మాస్కు తీయలేదు.

మచ్చ ముదిరి మెత్తబడేదాకా, అంటే ఏడాది పాటు, మళ్లీ కత్తి పెట్టకూడదని విశాఖపట్నంలోని ప్లాస్టిక్ సర్జన్ గారు ఆపారు. చాలామందికి చెవి డొప్పలోని మృదులాస్థి సరిపోతుందని, నా ముక్కుకు మరింత గట్టి ఆధారం కావాలి గనుక పక్కటెముక నుంచి తీస్తామని వివరించారు. చెక్కిన ముక్కలను కొంతసేపు సెలైన్‌లో ఉంచి, వంగుతున్నాయో లేదో చూసుకున్న తర్వాతే అమర్చారట. ఆ ఓర్పుకు వారికి నమస్కరిస్తున్నాను.

ఇక ఆ తల్లి గురించి. పక్క మంచం మీద ఆమె కొడుకు, తొమ్మిదేళ్ల వాడు, గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డ. పెదవి పసితనంలోనే కుట్టారు. ఇప్పుడు తుంటి ఎముక నుంచి తీసిన ఎముకను పంటి చిగురులోని చీలికలో నింపారు. దానివల్ల ఆ వైపు కుంగిన ముక్కుకు కూడా కింద ఆసరా దొరుకుతుందని డాక్టర్లు చెప్పారు. ఆమె పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది. జీడి రసానికి వేళ్ల కొనలు నల్లబడి, తోలు ఊడి ఉన్నాయి.

ఆపరేషన్ అయిన రాత్రి నా ముక్కు రంధ్రాలు రెండూ మూసి ఉన్నాయి. నోటితో ఊపిరి తీసి తీసి నాలుక అట్టకట్టింది, ఛాతీ నొప్పికి గట్టిగా పీల్చలేను, చచ్చిపోతానేమోనన్న భయం. రెండు రాత్రులు నిద్ర లేని మా అమ్మ కింద చాప మీద ఒరిగిపోయింది. పిలవడానికి నాకు గొంతు రాలేదు. నేను చెయ్యి ఆడించడం చూసి ఆ పలాస తల్లి లేచి వచ్చింది. నర్సును పిలిచింది. నర్సు చూసి వెళ్లాక, ఆ నల్లబడిన వేళ్లతోనే దూదిని నీళ్లలో ముంచి తెల్లవారేదాకా నా పెదవులు తడుపుతూ కూర్చుంది.

రెండో రోజు ఏమైందని అడిగితే బండి మీద నుంచి పడ్డానని అబద్ధం చెప్పాను. ఆ బిడ్డను చూస్తూ నిజం చెప్పడానికి నోరు రాలేదు. మూడో రాత్రి ఉండబట్టలేక అందం కోసం నేనే కోరి చేయించుకున్నానని చెప్పేశాను. ఆమె దుప్పటి సర్ది, "నొప్పి నొప్పే కదేటి. తొంగో తల్లీ, నానున్నాను" అంది. గ్రహణం పూట బయటికి వెళ్లినందుకే బిడ్డకు ఇలా అయిందని అత్తవారింట్లో తొమ్మిదేళ్లుగా మాటలు పడుతున్న మనిషి ఆమె. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నేను ఏడ్చినంతగా ముఖం పాడైన రోజున కూడా ఏడవలేదు.

ఒక్క విషయం చెప్పక తప్పదు. మొదట ఏ పొరలు కోశారో తెలిస్తే రెండో సర్జన్‌కు ఎంతో మేలు. అడిగిన 72 గంటల్లో రోగికి రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. నేను ఆ మొదటి క్లినిక్ చుట్టూ ఐదు నెలలు తిరిగితే నాకు దక్కినది బిల్లు ఒక్కటే. బీమా వారైతే కాగితంలో 'కాస్మెటిక్' అన్న మాట చూడగానే, ఊపిరి ఆడని ముక్కును కూడా అందం ఖాతాలోనే వేసి పంపేశారు. సంతకం పెట్టించుకునే ముందు ఇవన్నీ మనిషిని కూర్చోబెట్టి చెప్పడానికి అరగంట చాలదా?

మా అమ్మ, అన్నయ్య, వదిన చేసింది వాళ్లకు తెలుసు, నాకు తెలుసు. కాలేజీలో నా క్లాసులు పంచుకున్న సహోద్యోగులకు, మత్తు వదిలేదాకా చెయ్యి పట్టుకున్న ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌కు ధన్యవాదాలు.

రాయడం మరిచాను: గతుకుల దగ్గర నా ఛాతీ అదరకుండా కారును నడిపించి తెచ్చిన మా వీధి డ్రైవరు తమ్ముడికి కూడా. వార్డులో స్ట్రెచర్ తోసిన పెద్దాయనకు; ఆయన పేరు అడగలేదు. నాకు మెత్తగా గంజి కాచి పంపిన కింది వాటా పిన్నిగారికి, నిన్న ఆ గిన్నె తిరిగి ఇవ్వడం కూడా మరిచిపోయాను, సాయంత్రం పంపిస్తాను.