ట్రాకులు మూతపడితే వారపత్రిక ఎవరి కోసం?

సంపాదకులు గారికి,

నమస్కారం. అచ్చు పత్రికల భవిష్యత్తు గురించి మీ పుటల్లో సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. ఫోనులో వార్త క్షణంలో దొరుకుతున్నప్పుడు వారం రోజులు ఆగి కాగితం కొనేవారు ఎవరుంటారన్న వాదనే అందులో ఎక్కువగా వినిపిస్తోంది. దినపత్రికల విషయంలో అది ఎంతవరకు నిజమో చెప్పగల అనుభవం నాకు లేదు. కానీ ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో ఉన్నన్నాళ్ళూ నేను చందా కట్టి చదివిన ఒక వారపత్రికను దగ్గరగా గమనించాక, ఆ వాదన కథలో సగమేనని నాకు అనిపించింది. ఆ పత్రిక పేరు 'స్పీడ్‌వే స్టార్'. 1952లో మొదలైంది. స్పీడ్‌వే అనే మోటార్‌సైకిల్ పందేలే దాని లోకం.

ఆట సంగతి నాలుగు మాటల్లో చెప్పకపోతే పత్రిక సంగతి బోధపడదు. 500 సీసీ ఇంజను, ఒకే సిలిండరు, మిథనాల్ ఇంధనం ఉండి, బ్రేకులు మాత్రం అసలే లేని బండ్ల మీద నలుగురు రైడర్లు కోడిగుడ్డు ఆకారంలో ఉన్న మట్టి ట్రాకు చుట్టూ అపసవ్య దిశలో నాలుగు చుట్లు తిరుగుతారు. సుమారు ఒక నిమిషంలో ఆ పందెం, వాళ్ళ మాటలో హీట్, అయిపోతుంది. మొదట వచ్చినవాడికి మూడు పాయింట్లు, తర్వాతి వారికి వరసగా రెండు, ఒకటి, చివరివాడికి సున్నా. లీగ్ మ్యాచ్‌లో ఇలాంటి హీట్లు పదిహేను. బ్రిటన్‌లో ఈ ఆట 1928 ఫిబ్రవరి 19న లండన్ దగ్గరి ఎప్పింగ్ అడవిలో, హై బీచ్ అనే ఊరి దగ్గర జరిగిన పందేలతో జనం నోళ్ళలో పడింది. 1936లో తొలి ప్రపంచ ఫైనల్ లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగింది. 1981లో ఆఖరిసారి అక్కడ జరిగినప్పుడు కూడా స్టేడియం కిటకిటలాడింది.

నేను చూసినవన్నీ గురువారం రాత్రులు ఇప్స్‌విచ్‌లో జరిగిన మ్యాచ్‌లు. లోపలికి వెళ్ళేవారిలో చాలామంది టికెట్టుతో పాటు ఒక ప్రోగ్రాం పుస్తకం కొంటారు, జేబులో కలం తెచ్చుకుంటారు. హీట్ ముగిసి లౌడ్‌స్పీకరులో ఫలితం చదవగానే స్టాండులో తలలన్నీ ఒక్కసారిగా కిందికి వంగుతాయి. గడుల్లో అంకెలు, గెలిచినవాడి సమయం, జట్ల మొత్తం స్కోరు ఎవరికి వారు రాసుకుంటారు. మొదటి మలుపు దగ్గర నిలబడ్డవారి పుస్తకం మీద చక్రాలు ఎగజిమ్మిన ఎర్రమట్టి పలుకులు రాలుతుంటాయి కనుక, దాన్ని దులిపి రాయడం కూడా ఆ పనిలో భాగమే. ఇంటికి తెచ్చి ఆరేసిన కోటు నుంచి కూడా మిథనాల్, ఆముదం కలిసిన ఆ వాసన రెండు రోజుల దాకా పోయేది కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ వారపత్రిక చేసే పని కూడా సరిగ్గా అదే. ఒక్క ఊళ్ళో ఒక్క ప్రేక్షకుడు రాసుకున్నదాన్ని దేశంలోని ట్రాకులన్నిటికీ కలిపి అది అచ్చు వేస్తుంది. ఒక రైడరు పేరు ఎదురుగా నాలుగు అంకెలు, వాటిలో ఒకదాని పక్కన చిన్న గుర్తు కనిపిస్తే, ఆ హీట్‌లో అతను సొంత జట్టువాడి వెనకాలే, ప్రత్యర్థికి ముందు గీత దాటి బోనస్ పాయింటు సంపాదించాడని తెలిసినవారికి తెలుస్తుంది. తనకు దారి ఉన్నా దూసుకుపోకుండా, వెనకనుంచి వస్తున్న ప్రత్యర్థిని అడ్డుకుంటూ సహచరుణ్ణి గెలిపించాడేమో అన్నది కూడా ఆ గుర్తు వెనక ఊహించుకోవచ్చు. కొత్తవారికి అది ఉత్త పట్టిక. నాకు మొదటి రెండు నెలలు అలాగే ఉండేది.

శీతాకాలంలో, అంటే సుమారు నవంబరు నుంచి మార్చి దాకా పందేలే లేని రోజుల్లో, ఈ అంకెలకు రెండో జన్మ ఉంటుంది. రైడరు తెచ్చిన పాయింట్లను, బోనసులతో సహా, అతను పాల్గొన్న హీట్ల సంఖ్యతో భాగించి నాలుగుతో హెచ్చిస్తే వచ్చేది అతని సగటు. పది హీట్లలో ఇరవై తెచ్చినవాడి సగటు ఎనిమిది. కొత్త సీజనుకు జట్టు కట్టేటప్పుడు ఆటగాళ్ళ సగటుల మొత్తం ఒక హద్దు దాటకూడదన్న నియమం ఉంటుంది కనుక, వీరాభిమానులు చలికాలమంతా పత్రికలోని సగటులు ముందు పెట్టుకుని తమ జట్టును కాగితం మీద కట్టి విప్పి మళ్ళీ కడుతుంటారు. మ్యాచ్‌లు లేని నెలల్లోనూ ఒక క్రీడా వారపత్రిక అమ్ముడుపోవడానికి ఇంతకన్నా గట్టి ఆధారం నాకు తోచదు.

వారపత్రిక రూపం కూడా ఈ ఆటకు కుదిరినట్టు మరో ఆటకు కుదరదేమో. ఇప్స్‌విచ్‌కు గురువారం ఉన్నట్టే పూల్ పట్టణానికి బుధవారం, ఎడిన్‌బరోకు శుక్రవారం ఆనవాయితీ. అదే రైడరు ఆదివారం పోలండ్‌లో, మంగళవారం స్వీడన్‌లో, గురువారం ఇంగ్లండ్‌లో మూడు జట్లకు ఆడడం మామూలు. పెద్ద దినపత్రికలు ఈ ఆటకు నాలుగు పంక్తులు కేటాయిస్తే గొప్ప. కాబట్టి ఏడు రోజుల తిరుగుడునంతా ఒకచోట కూర్చి చూపగలిగేది వారానికొకసారి వచ్చే ప్రత్యేక పత్రికే.

మరి దాని జాతకం ఎందుకు కుంగుతోంది? పాత చరిత్ర చూస్తే ఇంటర్నెట్ మీద నేరం మోపడం కష్టం. ఈ పత్రిక పుట్టిన 1952 నాటికే యుద్ధానంతరపు జోరు తగ్గుముఖం పట్టింది. 1956 తర్వాత వెంబ్లీ జట్టే మూతపడింది. 1950ల చివరికి ట్రాకులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఇంటింటా టీవీ వచ్చిన ఆ కాలాన్నీ దాటుకుని పత్రిక నిలబడింది. 1965లో 18 జట్లతో బ్రిటిష్ లీగ్ ఏర్పడ్డాక ఆటకూ పత్రికకూ మళ్ళీ మంచిరోజులు వచ్చాయి. 2025లో అగ్రశ్రేణి లీగ్‌లో ఉన్నవి ఏడే జట్లు. (1965లో అదొక్కటే లీగ్, 2025లో దాని కింద వేరే లీగులూ ఉన్నాయి. కనుక ఈ రెండు అంకెలను నేరుగా పోల్చడం పూర్తి న్యాయం కాదని ఒప్పుకుంటాను.)

ఈ తగ్గుదలలో పెద్ద వాటా నేలది. స్పీడ్‌వే క్లబ్బుల్లో చాలావాటికి సొంత స్టేడియం ఉండదు. కుక్కల పందేల స్టేడియాల్లోనో, ప్రదర్శన మైదానాల్లోనో అద్దెకు నడుస్తాయి. ఊరు పెరిగి ఆ స్థలం విలువ పెరిగితే, యజమానికి పందెం రాత్రుల అద్దెకన్నా ఇళ్ళ ప్లాట్లే లాభం. కోవెంట్రీ జట్టు ఆడిన బ్రాండన్ స్టేడియంలో 1928 నుంచి పందేలు జరిగేవి. 2016 సీజనుతో అవి ఆగిపోయాయి. ఇళ్ళు కట్టడానికి స్థానిక సంస్థ 2022లో అనుమతి నిరాకరించినా పందేలు మాత్రం తిరిగి రాలేదు, స్టేడియం శిథిలమైంది. వుల్వర్‌హాంప్టన్‌కు, పీటర్‌బరోకు 2023తో తమ స్టేడియాలు దక్కకుండా పోయాయి. పీటర్‌బరో 2021లో అగ్రశ్రేణి విజేత, అంటే గెలుపు కూడా దాన్ని కాపాడలేదు.

ఇలాంటి మూసివేత పత్రికను దెబ్బతీసే తీరు వేరు. మామూలు పత్రికకు పాఠకులు ఒక్కొక్కరుగా తగ్గుతారు. దీనికి ఒక ఊరు ఊరంతా ఒక్క శీతాకాలంలో జారిపోతుంది. వారితో పాటు స్థానిక ప్రకటనలు, ట్రాకు పక్కన దుకాణంలో అమ్ముడుపోయే విడి ప్రతులు, ఆ జట్టు గురించి రాసే విలేఖరి పని కూడా పోతాయి. కరోనా వల్ల 2020లో బ్రిటన్ లీగ్ పోటీలు ఒక్కటీ జరగనప్పుడు ఆ దెబ్బ దేశమంతటికీ ఒకేసారి తగిలింది. అయితే మరుసటి ఏడాది గేట్లు తెరుచుకున్నాయి. ప్లాట్లుగా మారిన చోట తెరుచుకోవడానికి గేటే ఉండదు.

అమ్మకపు ఖర్చుల సంగతి వేరే ఉంది. బ్రిటన్‌లో అచ్చు పత్రికల మీద విలువ ఆధారిత పన్ను సున్నా. అదే పత్రికను డిజిటల్‌గా అమ్మితే 2020 మే 1కి ముందు 20 శాతం కట్టాల్సి వచ్చేది, ఇప్పుడు రెంటికీ సున్నాయే. మరోపక్క, 2025 జూలై నుంచి రెండో తరగతి (తక్కువ ధర) టపాను రోజు విడిచి రోజే, శనివారం లేకుండా ఇచ్చే ఏర్పాటు దశలవారీగా అమలవుతోంది. వారం వారం వచ్చే పత్రికకు ఒక రోజు ఆలస్యమంటే ఒక మ్యాచ్ వార్త పాతబడడమే. ఈ చిక్కులకు డిజిటల్ ప్రతి మందు కావచ్చు. కానీ ఊళ్ళో ట్రాకు పోయినవాడికి కాగితం మీద చదవడానికి ఏమీ లేనట్టే ఫోనులో చదవడానికీ ఏమీ ఉండదు. చర్చలో మరుగునపడుతున్నది ఇదే.

పోలండ్‌లో కథ తలకిందులు. అక్కడ స్పీడ్‌వే పెద్ద ఆట, స్టాండులు నిండుతాయి. 1990లో, కమ్యూనిస్టు పాలన పోగానే, లెష్నో అనే చిన్న నగరం నుంచి ఈ ఒక్క ఆటకే అంకితమైన వారపత్రిక పుట్టింది. కొత్త పత్రిక పెట్టే ధైర్యం ఎవరికైనా వచ్చిందంటే, ఎదురుగా నిండిన మైదానాలు కనబడుతున్నందుకే వచ్చి ఉంటుంది.

ఇంగ్లండ్ వదిలి రావడానికి కొద్దిరోజుల ముందు ఇప్స్‌విచ్‌లో నా పక్కన ఒక పెద్దాయన నిలబడ్డారు. ఒంటి మీద పీటర్‌బరో జట్టు ఎరుపు, నలుపు రంగుల పాత జాకెట్టు. నా సంచిలో పత్రిక చూసి, ఎన్నో ఏళ్ళు తానూ తెప్పించుకున్నానని, క్లబ్బు పోయిన చలికాలంలో చందా మానేశానని చెప్పారు. ఫోనులో చదువుతున్నారా అని అడిగాను. "మావాళ్ళ స్కోరు ఎందులోనూ ఉండదుగా" అన్నారు. ఆయన పదిహేను హీట్లూ చివరిదాకా చూశారు. ప్రతి హీట్ తర్వాత చుట్టూ అందరం తలలు వంచి రాసుకుంటుంటే ఆయన మాత్రం ఖాళీ ట్రాకు వైపే చూస్తూ నిలబడ్డారు. ఆయన చేతిలో ప్రోగ్రాం లేదు, కలమూ లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు