ఆగస్టు వార్తాలేఖ: స్నాక్స్ బాక్సులో బొంతపురుగులు, మన లైబ్రరీలో బొమ్మల పుస్తకం

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

సోమవారం యూకేజీలో ఏం జరిగిందో ఈపాటికి అందరికీ చేరే ఉంటుంది, వాట్సాప్ గ్రూపుల్లో వారమంతా అదే నడుస్తోంది కాబట్టి అసలు విషయం నేనే రాస్తున్నా. మన యూకేజీ బాబు ఒకడు పెరట్లో మునగ చెట్టు మొదలుకి గుంపుగా పట్టిన బొంతపురుగుల్ని పుల్లతో స్నాక్స్ బాక్సులోకి ఎత్తుకుని క్లాసుకి తెచ్చాడు, వాటికి ఆకలేస్తుందని ఒక యాపిల్ ముక్క, కొంచెం కేక్ కూడా పెట్టాడు. మూత తియ్యగానే చుట్టూ ఉన్న పిల్లలు చేతులు పెట్టేశారు, అయిదుగురికి దద్దుర్లు వచ్చాయి. క్లాస్ టీచర్, ఆయా ఇద్దరూ కలిసి సెలోటేప్ అంటించి లాగి నూగు తీశారు, సబ్బుతో కడిగారు, కాలమైన్ రాశారు, ఇళ్ళకి ఫోన్ చేశాం. మర్నాడు అయిదుగురూ బడికి వచ్చారు. ఎవరో హాస్పిటల్లో ఉన్నారని తిరుగుతున్న మెసేజ్ నిజం కాదండీ, దయచేసి ఇంకొకరికి పంపకండి. ఆ బాబుని ఇక్కడ ఎవరూ ఒక్క మాట అనలేదు, మీరూ మీ పిల్లల ముందు అనొద్దని మనవి.

ఇదంతా మనం బడిలో పిల్లలకి చదివి వినిపించే గొంగళి పురుగు బొమ్మల పుస్తకం వల్లే వచ్చింది, అది ఆపేసి ఆ పీరియడ్‌లో రైటింగ్ చేయించండి అని కొందరు పేరెంట్స్ ఆఫీసుకి వచ్చి అడిగారు. ఆ పుస్తకం ఆపను. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఎరిక్ కార్ల్ అనే అమెరికా ఆయన 1969లో వేసిన పుస్తకం అది, ‘ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్’. 60కి పైగా భాషల్లోకి వెళ్ళింది. ఆయన పల్చటి టిష్యూ కాగితాలకి ముందు తనే రంగులు వేసుకుని, వాటిని కత్తిరించి అతికించి బొమ్మలు చేసేవాడు, అందుకే ఆ ఆకుపచ్చలో కుంచె చారలు కనిపిస్తాయి, పిల్లలు వేలు పెట్టి రాసి చూస్తారు. కాగితాలకి చిల్లులు పొడుస్తుంటే పుట్టిన ఆలోచన అట, ముందు అది పుస్తకాల్ని తినే పురుగు కథ, ఎడిటర్ గొంగళి పురుగైతే బావుంటుంది అన్నాక సీతాకోకచిలుక దాకా వెళ్ళింది. ఆ చిల్లులు, ఆ చిన్నా పెద్దా పేజీలు అమెరికాలో అందుబాటు ఖర్చులో అచ్చు కాక మొదటి ప్రింట్ జపాన్‌లో వేయించారు. మీరు ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి. సోమవారం ఒక యాపిల్, ఆ పేజీ సన్నగా ఉంటుంది, మంగళవారం రెండు పియర్స్, పేజీ కొంచెం వెడల్పు, అలా శుక్రవారం అయిదు ఆరెంజిల దాకా పెరుగుతూ పోతుంది, ప్రతి పండుకీ పురుగు తిన్న చిల్లు నిజంగానే ఉంటుంది. శనివారం కేకూ ఐస్‌క్రీమూ సాసేజీ పుచ్చకాయా అన్నీ తిని రాత్రికి కడుపునొప్పి తెచ్చుకుంటుంది, ఆదివారం ఒక్క పచ్చి ఆకు తిని కుదుటపడుతుంది. జంక్ ఫుడ్ నేర్పిస్తున్నారు అని రాసిన వాళ్ళు ఆ ఆదివారం పేజీ కూడా తిప్పాలి కదండీ.

లెక్కలూ, వారాల పేర్లూ, పండ్ల పేర్లూ అన్నీ అందులో ఉన్నాయి నిజమే, కానీ నాకు కావాల్సింది అది కాదు. నాలుగేళ్ళ బిడ్డ పెద్దవాళ్ళ ఒళ్ళో కూర్చుని, తర్వాత ఏమవుతుందో తెలిసి కూడా, పేజీ తిప్పే ముందు ఊపిరి బిగబట్టుకుంటుంది చూడండి, అది కావాలి. చదవడం అంటే ఇష్టం అక్కడ పడుతుంది, ఇంకెక్కడా పడదు, ఎన్ని కాపీ రైటింగులు చేయించినా పడదు. బొమ్మ చూసి కథ అర్థం చేసుకున్న పిల్లలకి అక్షరం అంటే భయం ఉండదు, ఇది నేను క్లాసు క్లాసులో చూస్తున్నా. అదే పుస్తకం మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారని విసుక్కోకండి, వాళ్ళు ప్రతిసారీ కొత్తది పట్టుకుంటారు. తెలుగులో చదివి చెప్పండి, మీ ఇంటి తెలుగులోనే, ఇంగ్లీష్ దానంతట అది వస్తుంది.

మన పిల్లల గురించి చెప్పకపోతే నాకు ఊరట ఉండదు. ఒకటో తరగతి అబ్బాయి పుస్తకం చూడకుండా కథంతా చెప్పాడు, సోమవారం ఒక జామకాయ, మంగళవారం రెండు సపోటాలు, బుధవారం మూడు సీతాఫలాలు, శనివారానికి వచ్చేసరికి పూతరేకులూ మిరపకాయ బజ్జీలూ పునుగులూ, టీచర్లందరం లేచి చప్పట్లు కొట్టాం. యూకేజీ-బి పాప ఒకతి చిల్లులోంచి చిటికెన వేలు దూర్చి అవతలి పేజీ మీద ఆడించి "ఇదిగో, ఇటొచ్చింది" అని ఎల్‌కేజీ పిల్లలకి చూపిస్తోంది, అదే పాప కడుపునొప్పి పేజీ దగ్గర "వాళ్ళమ్మ వాము నీళ్ళు ఎందుకియ్యలేదు మేడం" అని అడిగింది. అయిదో తరగతి ఆడపిల్లలు నలుగురు ఎవరూ చెప్పకుండానే లంచ్ టైములో చిన్నవాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని చదువుతున్నారు, గొంతులు మారుస్తూ, ఎంత ముచ్చటగా ఉందో.

ఇక పురుగుల సంగతి. పుస్తకంలోది సీతాకోకచిలుక అయ్యే పురుగు. మునగ చెట్టు మీద ఉండేది రెక్కల పురుగు (మాత్) అవుతుంది, దాని నూగు తగిలితే దురద, ముట్టుకోకూడదు అని మీరూ చెప్పండి, మేమూ చెప్పాం. చూడాలనిపిస్తే నిమ్మ, కరివేపాకు చెట్ల మీద నున్నటి పచ్చ పురుగులు ఉంటాయి, జిల్లేడు మీద చారల పురుగులు ఉంటాయి, రెండూ సీతాకోకచిలుకలు అవుతాయి, కొమ్మ మీదే చూసి వదిలెయ్యండి. జిల్లేడు పాలు మాత్రం కంటికి తగలనియ్యకండి. పుస్తకంలో పట్టుపురుగు గూడులాంటిది కట్టుకుంటుంది, నిజం సీతాకోకచిలుక అలా కట్టదు కదా అని ఒక నాన్నగారు అడిగారు, ఆయన అన్నది కరెక్టే, కరివేపాకు కొమ్మకి అంటుకుని ఉన్న ప్యూపా (పురుగు సీతాకోకచిలుకగా మారే ముందు ఉండే దశ) దగ్గరికి యూకేజీ వాళ్ళని తీసుకెళ్ళి చూపించాం.

ఇప్పుడు ఇళ్ళ గురించి ఒక మాట, నొచ్చుకోకండి. శుక్రవారం పంపిన లైబ్రరీ పుస్తకాలు సోమవారం సంచీలోంచి బయటికే తీయకుండా తిరిగొస్తున్నాయి, డైరీలో మాత్రం "చదివాం" అని సంతకం ఉంటోంది. పిల్లల్ని అడిగితే ఫోన్ చూసి పడుకున్నాం అని నిజం చెప్పేస్తున్నారు. ఒక కాపీ చిల్లులన్నిటికీ వెనక తెల్ల కాగితం నీట్‌గా అతికించి వచ్చింది, ఎంతో శ్రద్ధగా చేశారు, కానీ ఒక్కసారి పక్కన కూర్చుని చదివుంటే అవి ఎందుకున్నాయో తెలిసేది. చిరుగుతుందని బీరువా మీద పెట్టకండి, చిరిగితే మేం అతికించుకుంటాం. పేజీ పేజీకీ ఆపి స్పెల్లింగ్ చెప్పు, నీతి ఏంటి చెప్పు అని అడగకండి ప్లీజ్. రోజుకి పది నిమిషాలు, ఫోన్ ఇంకో గదిలో పెట్టి, అంతే అడుగుతున్నా.

కొనాలనుకునే వాళ్ళకి హైదరాబాద్ ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్‌వి తక్కువ ధరకే తెలుగులో ఉన్నాయి, ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటులో ఫ్రీగా ఉంటాయి, ప్రింట్ తీసుకోవచ్చు.

మిగతావి: ఎఫ్ఏ-1 (మొదటి ఫార్మేటివ్ పరీక్ష) పేపర్లు ఈ వారం ఇస్తాం, ఆధార్ కాపీలు ఇవ్వని వాళ్ళు ఇచ్చెయ్యండి, వ్యాన్ ఫీజు బాకీలు కూడా, వినాయక చవితికి మట్టి బొమ్మలు పిల్లలతో మేమే చేయిస్తాం.

వచ్చే శనివారం ఉదయం పదింటికి కింది హాల్లో చదివే కార్యక్రమం పెట్టాం, ఆ పుస్తకమే, పెద్దవాళ్ళు చదవాలి, పిల్లలు వింటారు. తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు తప్పకుండా రండి, విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో కొన్న పాత రష్యా బొమ్మల పుస్తకాలు ఎవరింట్లోనైనా మిగిలుంటే తీసుకురండి, పిల్లలకి చూపిద్దాం. ఎవరెవరు వస్తున్నారో గురువారం లోపు డైరీలో రాసి పంపండి, కుర్చీలు వేయించాలి.

మీ హెడ్‌మిస్ట్రెస్