సూరికి, పూర్ణా మార్కెట్ నుంచి

విశాఖపట్నం,
2025 మే 11, ఆదివారం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం బుధవారం అందింది. అమ్మకి చదివి వినిపించాను. నీ మోకాలు నొప్పి తగ్గలేదని వినగానే, "ఆ భువనేశ్వర్‌లో వాడికి నల్లేరు పచ్చడి ఎవరు చేసి పెడతారు" అని సాయంత్రం దాకా అదే మాట. పిల్లల చదువులూ ఇంటి సంగతులూ చివర రాస్తాను. ముందు నువ్వడిగిన దానికి జవాబు చెప్పాలి, నాలుగు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది.

"మీకూ మాకూ ఒకే రోజు ప్రభుత్వాలు మారాయి. మా ఒడిశాలో ఓడినవాళ్ళు అసెంబ్లీలో రోజూ గొడవ చేస్తున్నారు. మీ దగ్గర ఆ అలికిడే లేదేంట్రా?" అని రాశావు. ఎల్లుండికి మన పోలింగ్ జరిగి సరిగ్గా ఏడాది. అందుకే ఈ ఆదివారం కూర్చుని వివరంగా రాస్తున్నాను.

కిందటేడు నాకు గాజువాకలో డ్యూటీ పడింది, ప్రిసైడింగ్ ఆఫీసరుగా. ఫోన్లో చెప్పాను గానీ ఆ రోజు ఎలా గడిచిందో నీకు చెప్పనే లేదు. 12వ తారీఖున సామాను తీసుకుని, రాత్రి ఆ స్కూల్లోనే బెంచీలు కలుపుకుని పడుకున్నాం. అసెంబ్లీకో సెట్టు, పార్లమెంటుకో సెట్టు. పొద్దున్న అయిదున్నరకల్లా మాక్ పోల్ మొదలుపెట్టాలి. కనీసం 50 ఓట్లు నొక్కించి, లెక్క సరిపోయిందని ఏజెంట్లకి చూపించి, మెషీన్ క్లియర్ చేసి, వీవీప్యాట్‌లో, అంటే ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే పెట్టెలో, పడ్డ చీటీలన్నీ ఏరి, వెనక ముద్ర వేసి, నల్ల కవర్లో పెట్టి సీలు వెయ్యాలి. ఒక్క చీటీ లోపల ఉండిపోయినా సాయంత్రం లెక్క తేడా వస్తుంది. నాకు చేతులు వణికాయి రా. సైకిల్ ఏజెంటు, ఫ్యాన్ ఏజెంటు, ఇద్దరూ పాతికేళ్ళ కుర్రాళ్ళే. ఒకడు సెల్లు లైటు పట్టుకుంటే ఇంకొకడు నాతోపాటు చీటీలు లెక్కపెట్టాడు.

ఏడింటికి గేటు తీసేసరికి లైను రోడ్డు మీదికి వచ్చేసింది. హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో నిలబడి వచ్చిన పిల్లలు బ్యాగులు భుజాన వేసుకునే లైన్లో నించున్నారు. ఒక ముసలావిడ వచ్చింది. పనిచేసి పనిచేసి వేళ్ళన్నీ పగిలిపోయి ఉన్నాయి. సిరా పెడితే గోరు మీద నిలవకుండా ఆ పగుళ్ళలోకి ఇంకిపోయి నల్లటి గీతలైంది. లోపలికి వెళ్ళి నొక్కింది గానీ బయటికి రాలేదు. ఏమయిందమ్మా అంటే, "కూత రానీ బాబూ, కూత వినకుండా నేను కదల్ను" అంది. కూత వచ్చింది. అప్పుడు కదిలింది. ఆ మనిషి ఎవరికి వేసిందో నాకు తెలీదు, తెలియనక్కర్లేదు. కానీ తన ఓటు మెషీన్లో పడిందని చెవితో విని వెళ్ళింది చూడు, ఈ ఉత్తరమంతా ఆవిడ గురించే అనుకో.

ఆరింటికి ఇంకా లైనుంది. చివరి మనిషి దగ్గర్నుంచి ముందుకి చీటీలిచ్చుకుంటూ వచ్చాం. క్లోజ్ బటన్ నొక్కేసరికి ఎనిమిది దాటింది. బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే 17సి ఫారాలు రాసి ఏజెంట్లకి తలో కాపీ ఇచ్చాను. ఇద్దరూ నా పెన్నుతోనే సంతకం పెట్టారు.

జూన్ 4న లెక్కింపు. ఆంధ్రా యూనివర్సిటీ వైపు దారులన్నీ మూసేశారు. మన మార్కెట్ సెంటర్లో టీ కొట్టు టీవీ ముందు వంద మంది. మధ్యాహ్నం కాకుండానే తేలిపోయింది. 175లో తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8, మొత్తం కూటమికి 164. 2019లో 151 గెలిచిన వైసీపీకి 11. నేను డ్యూటీ చేసిన గాజువాకలో పల్లా శ్రీనివాసరావు గారికి 95,235 మెజారిటీ, రాష్ట్రంలోకల్లా అదే ఎక్కువ. అదే గాజువాకలో అయిదేళ్ళ క్రితం పవన్ కళ్యాణ్ గారు ఓడిపోయారు, గుర్తుందా? ఉమ్మడి జిల్లాలో 15 సీట్లుంటే వైసీపీకి మిగిలినవి పాడేరు, అరకు మాత్రమే. రాజధాని తెస్తామని అయిదేళ్ళు మాటిచ్చిన ఊళ్ళో ఒక్కటీ రాలేదు. విశాఖ జనం రాజధాని వద్దనుకుని కాదు వేసింది, ఆ మాట నమ్మక వేశారని నా అభిప్రాయం. 2019 గాలిలోనే సిటీలోని నాలుగు సీట్లూ సైకిల్‌కి ఇచ్చిన ఊరు ఇది.

మన విశాఖ సౌత్ సీటు సంగతి నీకు తెలుసు కదా. 2019లో సైకిల్ మీద గెలిచిన వాసుపల్లి గణేష్ గారు ఏడాదిన్నర తిరక్కుండా ఫ్యాన్ పక్కకి వెళ్ళిపోయారు. వేసినవాళ్ళని ఒక్క మాట అడగలేదు. ఈసారి జనసేన నుంచి గెలిచిన వంశీకృష్ణ శ్రీనివాస్ గారూ అంతకు ముందు వైసీపీ ఎమ్మెల్సీయే. మనుషులు వాళ్ళే, కండువాలు మారుతుంటాయి. దీని గురించి ఎక్కువ రాస్తే నాకు కోపం వస్తుంది, వదిలేస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఓడిపోయిన వైసీపీకి ఎంత శాతం ఓట్లు వచ్చాయో తెలుసా? 39 శాతం పైన. 2019లో ఓడిపోయిన తెలుగుదేశానికీ 39 శాతం పైనే. అప్పుడు ఆ 39కి 23 సీట్లు, ఇప్పుడు 11. వైసీపీకి తగ్గింది పది శాతం చిల్లర ఓట్లు, పోయింది 140 సీట్లు. మూడు పార్టీలు ఒక్కటై ఓట్లు చీలకుండా చూసుకున్నాయి, మన ఎన్నికల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు, అంతే లెక్క. మీ దగ్గర ఇంకా విచిత్రం. బీజేడీకి 40.22 శాతం, బీజేపీకి 40.07. ఓట్లు ఎక్కువొచ్చినవాళ్ళే ఓడిపోయారు. అయినా 147లో 51 మంది గెలిచారు కాబట్టి నవీన్ పట్నాయక్ గారు ప్రతిపక్ష నేతగా కూర్చోగలిగారు, నీకా గొడవ వినిపిస్తోంది.

ఇక్కడ పదో వంతు కూడా లేరని, అంటే 18 మంది లేరని, జగన్ గారికి ప్రతిపక్ష నేత హోదా ఇవ్వలేదు. ఆయన స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారికి ఉత్తరం రాశారు, హైకోర్టుకీ వెళ్ళారు. హోదా లేకపోతే మాట్లాడే టైమ్ దక్కదని ఆయన వాదన. ఈ ఫిబ్రవరిలో గవర్నర్ ప్రసంగం రోజున వచ్చి, కాసేపటికే వాకౌట్ చేసి వెళ్ళిపోయారు. నా మాట అడిగితే ఇద్దరిదీ తప్పే రా. 2015లో ఢిల్లీలో 70కి 3 సీట్లే వచ్చిన బీజేపీకి ఆప్ వాళ్ళు ఆ హోదా ఇచ్చారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1994లో కాంగ్రెస్‌కి 294లో 26 వచ్చినా పి. జనార్దనరెడ్డి గారు ప్రతిపక్ష నేతగా ఉన్నారు. ఇవ్వాలనుకుంటే దారి ఉంది. ఇవ్వకపోయినా సరే, 11 మందీ వచ్చి కూర్చోవాలి. జీతం తీసుకునేది కూర్చోడానికే కదా. చంద్రబాబు గారూ 2021 నవంబర్లో ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని చెప్పి సభ వదిలి వెళ్ళారు, అన్నట్టే వచ్చారు. ఆయనకి అది పంతం నెగ్గడం. మధ్యలో ఆ రెండున్నరేళ్ళూ ఆయన అడగాల్సిన ప్రశ్నలు అడగకుండానే పోయాయి, వాటిని ఎవరు తిరిగి ఇస్తారు?

నువ్వు "అలికిడే లేదు" అన్నావు గానీ, ఒక చోట ఉంది. శాసనమండలి. అసెంబ్లీ ఒక్క రోజులో మారిపోతుంది, మండలి అలా మారదు. 58 మందిలో రెండేళ్ళకోసారి మూడో వంతు మాత్రమే దిగిపోతారు. అందుకని కింద కూటమికి 164 ఉన్నా పైన ఇంకా వైసీపీదే బలం. మన విశాఖ స్థానిక సంస్థల సీటు నుంచి ఆగస్టులో బొత్స సత్యనారాయణ గారు ఏకగ్రీవంగా గెలిచి మండలిలో ప్రతిపక్ష నేత అయ్యారు. మంత్రులు అక్కడికి వెళ్తే జవాబు చెప్పుకోక తప్పడం లేదు. పేపర్లో మండలి వార్తలు నేను ఇప్పుడే శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

ఈ మండలి కథ మన రాజకీయానికి అద్దం లాంటిది. కాంగ్రెస్ బలం ఉందని 1985లో ఎన్టీఆర్ గారు ఎత్తేశారు. 2007లో వైఎస్ గారి హయాంలో మళ్ళీ వచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుల్ని మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపారు, అప్పుడక్కడ తెలుగుదేశానిది పైచెయ్యి. అయిదు రోజులు తిరక్కుండా జగన్ గారి ప్రభుత్వం మండలే వద్దని తీర్మానం చేసింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు వద్దనుకున్న సభే ఈ రోజు వాళ్ళకి ఆసరా. అధికారంలో ఉన్నప్పుడు అడ్డుగా కనిపించిన గోడే, దిగిపోయాక నీడనిస్తోంది.

సభ మారితే ఏం మారుతుందని మీ ఆఫీసువాళ్ళు అడిగారన్నావు. చట్టాలే మారతాయి. భూమి హక్కుల రికార్డులకి సంబంధించిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి ఎన్నికలప్పుడు పల్లెల్లో ఎంత టెన్షన్ ఉందో నేను కళ్ళారా చూశాను. మా అత్తగారి ఊళ్ళో మా మావగారు పాస్‌బుక్ మీద జగన్ గారి ఫొటో చూసి, "భూమి నాదే గదా, ఫొటో ఆయనదెందుకు" అని పదే పదే అడిగేవారు. ఎకరం పాతిక సెంట్లు, అంతే ఆయనకున్నది. కొత్త సభ జులైలోనే ఆ చట్టాన్ని రద్దు చేసింది. అదే సమావేశాల్లో హెల్త్ యూనివర్సిటీకి ఎన్టీఆర్ పేరు తిరిగి పెట్టారు. మొదటిదానికి మా మావగారు ఆ రాత్రి సుఖంగా నిద్రపోయారు. రెండోదానికి ఎవరి నిద్రలోనూ తేడా రాలేదు.

కిందటి నెల మన కార్పొరేషన్లోనూ కుర్చీ మారింది, చదివే ఉంటావు. 2021లో 98 వార్డుల్లో వైసీపీ 58, తెలుగుదేశం 30 గెలిచాయి. నాలుగేళ్ళు నిండగానే కూటమివాళ్ళు వైసీపీ మేయర్ మీద అవిశ్వాసం పెట్టారు. ఏప్రిల్ 19న ఓటింగ్. కావలసినవి 74, సరిగ్గా 74 పడ్డాయి. 28న పీలా శ్రీనివాసరావు గారు మేయరయ్యారు. రూల్ ప్రకారమే జరిగింది, కాదనను. కానీ సూరీ, అసెంబ్లీ మారినప్పుడు ఆ ముసలావిడ వేలు కదిలింది. ఇక్కడ ఏ వేలూ కదల్లేదు. కార్పొరేటర్లని క్యాంపులకి తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు, కుర్చీ మారింది. మన వీధి డ్రైనేజీ మట్టుకు నువ్వు చూసినట్టే ఉంది. అదే పద్ధతి 2014 తర్వాతా చూశాం, 2019 తర్వాతా చూశాం. ఎవరు చేసినా నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఉక్కు విషయం అడిగావు. కేంద్రం జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, మంచిదే. ప్రైవేటుకి ఇవ్వం అన్న గట్టి మాట మాత్రం ఇంకా వినాల్సే ఉంది. 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ గురించి రేపు అసెంబ్లీలో లేచి "ఏమయింది?" అని నిలదీయడానికి ఎదురు బెంచీలో మనిషి కావాలి. 164 మంది ఒక పక్కనే ఉంటే ఎవరు ఎవర్ని అడుగుతారు?

చివరికి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మార్చిలో గాజువాక బస్సులో ఆ ఫ్యాన్ ఏజెంటు కుర్రాడు కనిపించాడు. నన్ను గుర్తుపట్టి లేచి సీటిచ్చాడు. ఏదో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాట్ట. "మాస్టారూ, మీరిచ్చిన 17సి కాగితం ఇంకా మా ఇంట్లో దాచుకున్నాను. లెక్కింపులో చూస్తే మా బూత్‌లో మాకు మూడొందల పైన పడ్డాయి" అన్నాడు. ఓడిపోయిన బూత్ లెక్క అది. ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టుకున్నాట్ట. స్టాప్ వచ్చేదాకా ఇద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఏమనాలో నాకు తోచలేదు రా.

స్కూళ్ళు జూన్ 12న తెరుస్తారు. ఆలోపు విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రా. మామిడికాయలు ఇంకా దొరుకుతున్నాయి, అమ్మ ఆవకాయ పెట్టడానికి నీ జాడీ విడిగా తీసి కడిగి ఆరబెట్టింది. వచ్చేటప్పుడు మీ అసెంబ్లీలో నవీన్ బాబు పార్టీవాళ్ళు ఏమేం అడిగారో ఆ పేపర్ కటింగులు పట్టుకురా. నాకు ఒరియా రాదు, నువ్వే చదివి చెప్పాలి.

చెల్లెమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

నీ
రాంబాబు