తోటి డాక్టరును అడిగితే చిన్నతనమా?

ఎడిటర్ గారికి నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రంలో చాలా ఏళ్లుగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను. చదివింది ఎంబీబీఎస్. పోయిన నెలలో ఒక కుర్రాడు తన తండ్రిని తీసుకొచ్చాడు. నాలుక పక్కన పుండు, నెల దాటినా మానలేదు. నాకు అనుమానం వచ్చి, వాళ్లను అడిగి, పుండు ఫోటో ఒకటి తీసి, విశాఖలో క్యాన్సర్ సర్జన్‌గా ఉన్న నా క్లాస్‌మేట్‌కి పంపి ఫోన్ చేశాను. ఇంకా మాట్లాడుతుండగానే ఆ కుర్రాడు లేచి నిలబడ్డాడు. "మీకు తెలీదని ముందే చెప్పొచ్చు కదండీ, మేమే పెద్ద డాక్టరు దగ్గరికి పోదుం" అని తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

అతని మీద నాకు కోపం లేదు. డాక్టరంటే చెయ్యి పట్టి చూడగానే చెప్పేయాలి, పక్కవాణ్ణి అడిగాడంటే వీడికి ఏమీ రాదు అనే లెక్క మన జనంలో ఉంది, నిజం చెప్పాలంటే మా డాక్టర్లలోనూ ఉంది, అందుకే పేషెంటు ఎదురుగా ఫోన్ చేయడానికి చాలామంది మొహమాటపడి బయట వరండాలోకి వెళ్లి మాట్లాడతారు, లేదంటే అసలు చేయరు. అలా ఫోన్ చేసి అడగకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలిసిన ఒక కేసు చెబుతాను.

కొన్నేళ్ల కిందట కూలి పనులకు వెళ్లే ఒకావిడ వచ్చింది, వయసు యాభై దాటి ఉంటుంది. దవడ కింద కుడివైపు ఉసిరికాయంత గడ్డ. నొప్పి లేదు. అప్పటికే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడింది. మా వైపు మెడలో గడ్డ అనగానే మొదట టీబీ అనుకుంటాం, పాతవాళ్లు గండమాల అంటారే, అదే. నేనూ అలాగే అనుకున్నాను. గడ్డ మొత్తం తీయించి పరీక్షకు పంపిద్దామని టౌన్లో సర్జన్‌తో మాట్లాడి రోజు కూడా ఖాయం చేశాను. కానీ చేతికి తగిలిన ఆ గట్టిదనం మనసులో తొలుస్తూనే ఉంది. ముందురోజు రాత్రి పది గంటలకు నా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. అంతా విని వాడు అడిగిన మొదటి ప్రశ్న: "నోరు తెరిపించి చూశావా రా?"

చూడలేదు. మెడ చూశాను, చంకలు చూశాను, కడుపు చూశాను, దగ్గు ఉందా, బరువు తగ్గిందా అని అడిగాను. నోరు మాత్రం చూడలేదు.

పొద్దున్నే ఆవిణ్ణి పిలిపించి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, టార్చి వేసి చూశాను. అంగిలి అంతా సున్నం కొట్టి ఎండిన గోడలా తెల్లగా, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. వెనక కుడివైపు రూపాయి బిళ్లంత పుండు, అంచులు లేచి ఉన్నాయి. గ్లౌజ్ వేసుకుని వేలితో తాకితే గట్టిగా ఉంది, కొంచెం రక్తం అంటుకుంది. "ఇది ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?" అంటే, "పొగ తాగినోళ్లకి ఉండీదే కద బాబూ" అని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అడ్డపొగ. మా జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. ఆడవాళ్లలో ఎక్కువ, కన్నతల్లులకు తెలిసిన అలవాటే కూతుళ్లకు వచ్చేది. ఆ వేడీ, ఆ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. దీని మీద మన జిల్లాలోనే 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించి డాక్టర్లు రాసిన పరిశోధన 1971లోనే అచ్చయింది. ఎక్కడో విదేశీ డాక్టర్లు కూడా చదివిన విషయం, ఇక్కడే క్లినిక్ పెట్టుకున్న నాకు ఆ రోజు గుర్తుకు రాలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాయాలి.

ఫోన్లో నా క్లాస్‌మేట్ ఇంకా చెప్పాడు. మెడలో గడ్డని ముందే కోయవద్దు, నోట్లో క్యాన్సరై అది మెడకు దిగి ఉంటే, అక్కడ తెలియక కోసిన కోత వల్ల తర్వాత చేయాల్సిన అసలు ఆపరేషన్ చెడిపోతుంది. మెడకు సూది పరీక్ష చాలు. నోట్లో పుండుకు ముక్క తీయాలి, అదీ నడిమధ్య నుంచి కాదు, అంచు నుంచి, ఎందుకంటే మధ్యలో చచ్చిన కండే వస్తుంది. తీసిన ముక్క ఫార్మలిన్‌లో వేయాలి, సెలైన్‌లో వేసి పంపితే ల్యాబుకు చేరేలోపు పాడైపోతుంది. ఐదు నిమిషాల మాట. టౌన్లో ఆపరేషన్ ఆపేశాను. ముక్క పరీక్షలో క్యాన్సర్ అనే వచ్చింది. ఆరోగ్యశ్రీ కింద విశాఖలో ఆపరేషన్ చేసి అంగిలి కొంత, మెడలో గడ్డలు తీసేశారు, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు ఆవిడ అంగిలికి పళ్ల డాక్టరు చేసిచ్చిన ప్లేటు పెట్టుకుంటుంది, అది తీస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి. మొన్న మనవడి జ్వరానికి వచ్చినప్పుడు ఆ ప్లేటు తీసి, బాటిల్ నీళ్లతో కడిగి, మళ్లీ పెట్టుకుని, అప్పుడు మాట్లాడింది. ముక్కుతో పలికినట్టు ఉంటుంది మాట, కానీ అర్థమవుతుంది.

అయితే ఆవిడకు మేలు జరిగింది నాకు ఒక స్నేహితుడు ఉండబట్టి. అదే నన్ను బాధపెట్టేది. మందసలోనో మెళియాపుట్టిలోనో కొత్తగా డ్యూటీలో చేరిన పాతికేళ్ల డాక్టరమ్మకి ఇలాంటి గడ్డ కనబడితే రాత్రి పదింటికి ఎవరికి ఫోన్ చేస్తుంది? ఏ గడ్డకు సూది, ఏ గడ్డకు కత్తి, ఏ గడ్డను అసలు ముట్టుకోకూడదు (వృషణంలో గడ్డ మీద అనుమానం ఉంటే సూది పెట్టరు), ఇవన్నీ పుస్తకంలో చదివినవే, కానీ ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు ఒక మాట అడగడానికి మనిషి కావాలి. ఏర్పాట్లు లేవని అనను. దూరంగా ఉన్న డాక్టరును ఆన్‌లైన్‌లో సంప్రదించే సర్కారు సేవ ఈ-సంజీవని 2019 నుంచి ఉంది, కానీ అది ప్రధానంగా సర్కారు కేంద్రాలకు. క్యాన్సర్ ఆసుపత్రులన్నీ కలిసిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ 2012లో మొదలైంది, అందులోని ఆసుపత్రుల డాక్టర్లు కష్టమైన కేసులను ఆన్‌లైన్‌లో కలిసి చర్చిస్తారు. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ ఈ గ్రిడ్, ఈ ఆసుపత్రి ఎక్కువగా క్యాన్సర్ అని తేలిన తర్వాతి మెట్లు. తేలకముందు, అనుమానం దగ్గర నిలబడ్డ మాలాంటివాళ్లకు ఒక ఫోన్ నంబరు కావాలి. ప్రతి మెడికల్ కాలేజీ క్యాన్సర్ విభాగం రోజుకు ఒక గంట, వారంలో రెండు రోజులైనా సరే, ప్రైవేటా సర్కారా అని చూడకుండా కింది డాక్టర్ల ఫోన్లు ఎత్తితే చాలు. ఇంకొకటి, మేము పంపిన పేషెంటు సంగతి ఒక చీటీ మీద తిరిగి రాసి పంపండి. నేను పంపిన వాళ్లలో సగం మందికి ఏమైందో వాళ్ల ఊరివాళ్లు చెబితేనే నాకు తెలుస్తోంది.

నాతోటి డాక్టర్లకూ ఒక మాట. అడగడం అంటే పేషెంటు ముఖం, పేరు, రిపోర్టు అన్నీ కలిపి వంద మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పడేయడం కాదు. అలాంటి ఫోటోలు నా ఫోన్‌కీ వస్తుంటాయి, చూడటానికే కష్టంగా ఉంటుంది. పేషెంటును అడగండి, పుండు వరకే తీయండి, ఒక్కరికే పంపండి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఇంకో డాక్టరును అడిగినా ఆ పేషెంటు బాధ్యత మనదే. ఫోటో చూసి క్యాన్సర్ కాదని ఎవరూ తేల్చలేరు కూడా. నా క్లాస్‌మేట్ ప్రతిసారీ అదే అంటాడు, "ఏమీ కాదని ఫోన్లో నేను చెప్పను, ముక్క తియ్యి."

ఆ మాట అనగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందట కదా అని. నోట్లో పుండు నుంచి ముక్క తీస్తే పాకదు. తీయకుండా నెలలు గడిపితే పాకుతుంది.

ఆ రోజు వెళ్లిపోయిన కుర్రాడికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మీ పేపరు వాళ్ల ఊరి టీకొట్టుకు వస్తుంది. బాబూ, నువ్వు ఇది చదివితే, నా దగ్గరికే రానక్కర్లేదు. నీకు నమ్మకం ఉన్న చోటికే మీ నాన్నని తీసుకెళ్లు, కానీ ఈ వారమే తీసుకెళ్లు, ఆ పుండుకు ముక్క పరీక్ష చేయించు.

- ఒక ఎంబీబీఎస్ డాక్టరు, శ్రీకాకుళం జిల్లా