మిగ్-21 వార్త పక్కన మిగ్-29 ఫొటో

సంపాదకులకు నమస్కారం.

మిగ్-21 యుద్ధ విమానాలకు వీడ్కోలు చెప్పిన వార్తను మీరు మొదటి పేజీలో పెద్దగా వేశారు. 1963లో చండీగఢ్‌లో మన వైమానిక దళంలో అడుగుపెట్టి, 2025 సెప్టెంబరు 26న అదే చండీగఢ్‌లో సెలవు తీసుకున్న విమానానికి ఆ మాత్రం చోటు దక్కాల్సిందే. వార్తలో తేదీలు, స్క్వాడ్రన్ల పేర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి, రాసిన విలేఖరికి నా అభినందనలు. కానీ ఆ వార్త పక్కన అంత వెడల్పున వేసిన ఫొటోలో ఉన్నది మిగ్-21 కాదు, మిగ్-29. రెండింటినీ పుట్టించిన సంస్థ ఒకటే. అంతకు మించి వాటికి పోలిక లేదు.

మిగ్-21కి ఇంజను ఒకటే, నిలువు తోక ఒకటే. ముక్కు దగ్గర గుండ్రంగా నోరు తెరుచుకుని ఉంటుంది, ఆ నోటి మధ్యలో మొనదేలిన శంకువు ఉంటుంది. మిగ్-29కి ఇంజన్లు రెండు, నిలువు తోకలు రెండు. దాని ముక్కు మూసుకుని ఉంటుంది, గాలి రెక్కల కింది నుంచి లోపలికి వెళ్తుంది. ఒక్కసారి చూపించి చెబితే ఆరో తరగతి పిల్లలు కూడా మళ్లీ పొరబడరు.

నేను నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర బోర్డులు రాసే పెయింటర్‌ని. ఫ్లెక్సీలు వచ్చాక చేతిరాత బోర్డులు తగ్గిపోయాయి. ఇప్పుడు నంబరు ప్లేట్లు, బండి ట్యాంకుల మీద బొమ్మలు, చవితి ముందు వినాయక విగ్రహాలకు రంగులు, ఇదే పని. విగ్రహాలకు రంగు కొట్టే కంప్రెసర్‌తోనే, ఎయిర్‌బ్రష్ సూది మార్చి, మిగతా కాలంలో ప్లాస్టిక్ యుద్ధ విమానాల నమూనాలు చేస్తాను. మాటవరసకు బొమ్మలు అంటారు కానీ ఇవి ఆడుకునేవి కావు. అసలు విమానాన్ని కొలిచి, అదే నిష్పత్తిలో తగ్గించి చేసినవి. 1/72 స్కేలులో, అంటే అసలులో డెబ్బై రెండో వంతు సైజులో, ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం ఎత్తుంటాడు. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, నా చేతిలోకి వచ్చేసరికి పది సెంటీమీటర్ల లోపే. 1/48లో అయితే దాదాపు పదిహేను.

ఈ పని చేసేవాళ్లకు విమానం పైపైన చూస్తే చాలదు. విమానం ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి వాటిని కత్తిరించి, అతుకుల మీద పుట్టీ పెట్టి, సన్న గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టేలోగా ప్రతి వంపు మీదా వేలు పోతుంది. మిగ్-21 రెక్క ముందంచు 57 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. త్రికోణం రెక్క ఉన్న విమానాల్లో చాలావాటికి వెనక చిన్న రెక్కలు ఉండవు, దీనికి ఉంటాయి. మన వైమానిక దళంలోని మిరాజ్-2000కి, తేజస్‌కు లేవు. ఆ రెండింటినీ వేరు చేయాలంటే రెక్క ముందంచు చూడాలి. మిరాజ్‌కు అది తిన్నగా పోతుంది, తేజస్‌కు మధ్యలో విరిగి రెండు వాలులుగా ఉంటుంది. రఫేల్‌కు రెక్కల ముందు మరో జత చిన్న రెక్కలుంటాయి. సుఖోయ్-30కీ అవి ఉన్నాయి కానీ దానికి తోకలు రెండు, రఫేల్‌కు ఒకటే.

ఈ ఆకారాల్లో ఏదీ అందం కోసం పెట్టింది కాదు. మిగ్-21 ముక్కులోని శంకువునే తీసుకోండి. ధ్వనిని మించిన వేగంతో వచ్చే గాలిని ఇంజను నేరుగా మింగలేదు. ఆ శంకువు మొన దగ్గర గాలి అలగా ఒత్తుకుని, వేగం తగ్గి లోపలికి పోతుంది. వేగాన్ని బట్టి శంకువు ముందుకూ వెనక్కూ జరుగుతుంది కూడా. రాడార్‌ను కూడా దాని లోపలే ఇరికించారు, అందుకే పెద్ద రాడార్ పట్టలేదు. తర్వాతి విమానాల్లో గాలి దారిని పక్కలకో కిందికో మార్చి ముక్కును రాడార్‌కు వదిలేయడానికి అదో ముఖ్య కారణం. మిగ్-21 పక్కన మిగ్-29ని పెడితే ఈ కథ అంతా కంటికి కనిపిస్తుంది. ఒకదాని పేరు కింద రెండోది వేస్తే ఆ కథే పోతుంది.

నాకు విమానాలు నేర్పింది మీలాంటి పత్రికలే. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్లినప్పుడు నేను హైస్కూలు పిల్లవాణ్ని. ఆయన హైదరాబాద్‌లో చదువుకున్నారనీ, 1971 యుద్ధంలో మిగ్-21 నడిపారనీ చదివి, ఆ విమానం ఎలా ఉంటుందో చూడాలని వార్తాపత్రికలు వెతికాను. హోటల్లో పాత పేపర్లు అడిగి తెచ్చి, ఫొటోలు కత్తిరించి నోటు పుస్తకంలో అంటించాను. నలుపు తెలుపు ఫొటోలు, చుక్కలు చుక్కలుగా ఉండేవి. అయినా కింద రాసిన పేరును నమ్మి నేర్చుకున్నాను. ఊళ్లో వేరే పుస్తకం లేదు, అడగడానికి మనిషీ లేడు.

ఇప్పుడు ఆదివారాలు నా దుకాణం వెనక గదికి చుట్టుపక్కల పిల్లలు వస్తారు. వాళ్ల చేత కూడా చేయిస్తాను. 1/72 మిగ్-21 మూడు చక్రాల మీద నిలవాలంటే ముక్కులో బరువు పెట్టాలి, లేకపోతే తోక మీద కూర్చుంటుంది. గాలాలకు కట్టే సీసం గుండ్లు తెచ్చి శంకువు వెనక అంటిస్తాం. వాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఆ రోజు మీ పేపరు పట్టుకొచ్చి, "అంకుల్, దీనికి రెండు తోకలున్నాయి, మనం చేసిన దానికి ఒకటే. మనదే తప్పా?" అని అడిగింది. తన చేత్తో అతికించిన దాని మీద కంటే అచ్చులో పడిన దాని మీద ఆ పిల్లకు నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకం మీ పత్రిక ఏళ్ల తరబడి సంపాదించుకున్నది. అందుకే ఇంత పొడవున రాస్తున్నాను.

ఇది సరదాపరుల పట్టింపు అనుకోకండి. నల్లగొండ నుంచి సాగర్ రోడ్డు ఎక్కి హైదరాబాద్ వైపు పోతే ఇబ్రహీంపట్నం పరిసరాల్లోనే ఆదిబట్ల ఉంది. అపాచీ యుద్ధ హెలికాప్టర్ల శరీరాలు, సూపర్ హెర్క్యులస్ రవాణా విమానాల తోక భాగాలు అక్కడ తయారవుతున్నాయి. రఫేల్ శరీర భాగాలను కూడా హైదరాబాద్‌లో చేసేందుకు 2025లో ఒప్పందం కుదిరింది. మా జిల్లా ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు రేపు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేది అలాంటి చోట్లనే. రెండు విమానాలకు తేడా చూసే కన్ను చిన్నప్పుడే పడితే వాళ్లకు అది పనికొచ్చే చదువు. మా ఊళ్లకు ఆ చదువు పైసా ఖర్చు లేకుండా చేరేది పేపరు ద్వారానే.

ఇంకో మాట. 2023 డిసెంబరులో మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర దుండిగల్ వైమానిక దళ అకాడమీ శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. అది పిలాటస్, ముందు ప్రొపెల్లర్ తిరిగే విమానం, జెట్ కాదు. అలాంటి వార్త పక్కన పాత ఫొటోల్లోంచి కంటికి ఆనిన జెట్‌ను తీసి పెట్టే అలవాటు చాలా పత్రికలకు ఉంది. కొడుకు ఏ విమానం ఎక్కి పోయాడో ఆ ఇంట్లోవాళ్లకు తెలుసు. వాళ్ల చేతికి కూడా ఆ పేపరు వెళ్తుంది. ఇది నాకు మిగ్ ఫొటో కంటే ఎక్కువ బాధ కలిగించే సంగతి.

బొమ్మలు గీసేవాళ్లకూ ఒక విన్నపం. మన వైమానిక దళం గుర్తులో కాషాయం బయటి వలయం, దాని లోపల తెలుపు వలయం, నట్టనడుమ ఆకుపచ్చ ఉంటుంది. తోక మీది మూడు పట్టీల్లో కాషాయం ముక్కు వైపు రావాలి. రంగులు పనిగా పెట్టుకున్నవాణ్ని కాబట్టి తారుమారైతే నా కంటికి ముందు అదే తగులుతుంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఫొటో ఏజెన్సీ నుంచి వచ్చినప్పుడు దాని వెంట వచ్చిన వివరం చదివి, విమానం పేరు చూసుకుని వాడండి. తేల్చుకోలేకపోతే "వైమానిక దళ యుద్ధ విమానం" అని మాత్రమే రాయండి, అందులో తప్పుండదు. అనుమానం వస్తే అడగడానికి ఈ జిల్లాల్లో వైమానిక దళంలో పనిచేసి వచ్చిన మాజీ సైనికులు ఉన్నారు. మీ విలేఖరి ఒక్క ఫోను చేస్తే సంతోషంగా చెబుతారు. జనవరి 26 కవాతు విమానాల ఫొటోలు, అక్టోబరు 8 వైమానిక దళ దినోత్సవం ఫొటోలు ఏటా వస్తూనే ఉంటాయి కాబట్టి ఇది ఒక్క రోజు సమస్య కాదు.

ఒక ఎమ్మెల్యే వార్తకు పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే ఫొటో పడితే మర్నాడే సవరణ వేస్తారు. అరవై రెండేళ్లు పనిచేసిన విమానానికి కూడా ఆ మర్యాద చేయండి. అసలు మిగ్-21 ఫొటో ఒకటి, వీలైతే ముక్కు, తోక రెండూ స్పష్టంగా కనిపించే పక్క వైపుది, మొదటి పేజీలోనే వేసి, ముందు పడింది మిగ్-29 అని ఒక్క వాక్యం రాయండి. ఆ కాగితం కత్తిరించి గదిలో గోడకు అంటించడానికి పిల్లలు కాచుకుని ఉన్నారు.

ఇట్లు,
బోర్డులు రాసే ఒక పెయింటర్,
క్లాక్ టవర్ సెంటర్, నల్లగొండ.