మా జీతంలోంచి కోసుకున్న సొమ్మునే అడుగుతున్నాం: హోంశాఖ మంత్రి గారికి, మా శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోంశాఖ మంత్రి గారికి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల 15 మంది శాసనసభ్యులకు నమస్కరించి రాయునది.

నేను 1985లో శ్రీకాకుళం జిల్లాలో కానిస్టేబులుగా చేరి, 39 ఏళ్లు పనిచేసి, 2024 జూలై 31న ఏఎస్సైగా పదవీ విరమణ చేశాను. ఆ రోజు నాకు శాలువా కప్పి, దండ వేసి, స్టేషన్ జీపులో ఇంటి దాకా దింపారు. ఆ మర్యాదను నేను మరచిపోను. అయితే ఇప్పటి దాకా నా గ్రాట్యుటీ పూర్తిగా రాలేదు, ఆర్జిత సెలవుల సొమ్ము రాలేదు, ఏపీజీఎల్‌ఐ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) బాండ్ల సొమ్మూ రాలేదు. సోమవారం గ్రీవెన్సులో మూడుసార్లు, పై కార్యాలయాలకు రిజిస్టరు పోస్టులో రెండుసార్లు అర్జీలు పెట్టుకున్నాను. ఐదు రసీదులూ నా దగ్గర ఉన్నాయి. సమాధానం మాత్రం ఒక్కదానికీ లేదు. అందుకే ఈ ఆరో అర్జీని నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఏపీజీఎల్‌ఐ సొమ్ము ప్రభుత్వం మాకు దయతలచి ఇచ్చేది కాదు. ప్రతి నెలా జీతం చేతికి రాకముందే ఆ ప్రీమియం కోత పడేది. పీఆర్సీ (వేతన సవరణ) వచ్చి మూలవేతనం పెరిగినప్పుడల్లా ప్రీమియమూ పెరిగింది. ఇంట్లో బియ్యం నిండుకున్న నెలలున్నాయి, పిల్లల ఫీజుకు తోటి కానిస్టేబుల్ దగ్గర చేబదులు తీసుకున్న నెలలున్నాయి, కానీ ఆ కోత ఆగిన నెల లేదు. మా దగ్గర వసూలు చేసేటప్పుడు ఒక్క రోజు ఆలస్యం ఒప్పుకోని ప్రభుత్వం, తిరిగి ఇచ్చేటప్పుడు ఏళ్ల తరబడి ఆలస్యం చేయడం న్యాయమేనా? టోకెన్ నంబరు పట్టుకుని ప్రతి వారం నెట్ సెంటరుకు వెళ్తున్నాను. బిల్లు పెండింగులో ఉందని అక్కడి కుర్రాడు చెబుతాడు. ఈ మధ్య నేను గుమ్మం ఎక్కేసరికే తల అడ్డంగా ఊపుతున్నాడు.

ఈ సొమ్ము వస్తుందన్న నమ్మకంతోనే నా భార్య మోకాలి ఆపరేషనుకు అప్పు చేశాను. ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్‌ఎస్) కార్డు చూపిస్తే, ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు రాలేదు, ముందు డబ్బు కట్టండి అని ఆసుపత్రి వారు అన్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చి కట్టాను. అంటే నెలకు 6 వేలు వడ్డీకే పోతున్నాయి. మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లు పెట్టాను, అదీ మిగతా బిల్లుల వెనకే నిలబడింది. నాకు రావలసిన సొమ్ముకు పైసా వడ్డీ లేదు, నేను తెచ్చిన అప్పుకు మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీన వడ్డీ కట్టాలి.

ఇక సెలవుల సంగతి. వాడుకోని సెలవులు అప్పగించి సొమ్ము తీసుకునే సరెండర్ లీవు అనే మాట ఫైలులో చిన్నదిగా కనిపిస్తుంది. దాని వెనుక ఏమున్నదో దయచేసి వినండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు నన్ను పలాస వైపు వేశారు. జాతీయ రహదారి మీద చెట్లు తొలగించాం, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో నీళ్ల ట్యాంకర్ల దగ్గర జనాన్ని వరుసలో నిలబెట్టాం. పడిపోయిన కొబ్బరి, జీడి తోటలు చూసి ఏడుస్తున్న రైతులకు ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాం. దసరా అక్కడే గడిచింది. మా ఇంటి పైకప్పు రేకులు లేచిపోయాయని నాకు ఐదో రోజున తెలిసింది. రథసప్తమికి అరసవల్లిలో క్యూల దగ్గర, సిరిమాను జాతరకు విజయనగరం కోట ముందు తాడు పట్టుకుని, ఎన్నికలకు ఒడిశా సరిహద్దులో, ఇలా మేము వాడుకోని రోజులే సర్వీసు రిజిస్టరులో ఆర్జిత సెలవులుగా చేరాయి. ఆ రోజులను మా పిల్లల దగ్గర తీసుకుని ప్రభుత్వానికి ఇచ్చాం. వాటి ఖరీదునే ఇప్పుడు అడుగుతున్నాం.

బీమా గురించి చెప్పాలంటే మనసు కష్టపడుతుంది. మాతో పనిచేసిన ఒక కానిస్టేబుల్ బందోబస్తులో ఎండకు నిలబడి, ఆ రాత్రి గుండెపోటుతో పోయాడు. నలభై ఏళ్లు నిండలేదు. ప్రమాదం కాదు కనుక ప్రమాద బీమా వర్తించదన్నారు. గ్రూప్ ఇన్సూరెన్సులో కానిస్టేబులుకు నెలకు 30 రూపాయల కోత, ప్రాణానికి 30 వేల రూపాయల బీమా. అతని భార్యను ఆ కాగితాల మీద సంతకాలకు నేనే తీసుకెళ్లాను. అంకె చూసి, ‘ఇంతేనా అన్నయ్యా’ అని ఆ అమ్మాయి అడిగింది. ఏటా అక్టోబరు 21న అమరవీరుల స్తూపం దగ్గర తుపాకులు దించి వందనం చేస్తాం. ఆ కుటుంబాలకు ఆ ఒక్క రోజు కాక మిగతా రోజులూ ఉంటాయి.

2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన, పాత పింఛను వర్తించని కుర్ర పోలీసుల బెంగ ఇంకొకటి. అంతకుముందే నోటిఫికేషను వచ్చి, చేరడం మాత్రమే ఆలస్యమైన వారికైనా పాత పింఛను ఇవ్వండి. కేంద్రం 2023 మార్చిలో మెమో 57తో తన ఉద్యోగులకు అటువంటి అవకాశమే ఇచ్చింది కదా.

మా గోడు మీదాకా ఎందుకు రాలేదో కూడా చెబుతాను. మిగతా ఉద్యోగుల్లా మేము రోడ్డెక్కలేము, పోలీసుల హక్కులకు హద్దులు పెట్టిన 1966 చట్టం ఒప్పదు. 2022 ఫిబ్రవరి 3న ఛలో విజయవాడకు బయలుదేరిన ఉపాధ్యాయులను ఆపే బందోబస్తులో నేనూ ఉన్నాను. వారు అడుగుతున్న పీఆర్సీయే నాదీ. నా కొడుకుకు పాఠం చెప్పిన మాస్టారిని రైలెక్కకుండా నేను అడ్డుకోవలసి వచ్చింది. మా తరఫున మాట్లాడే గొంతు ఎక్కడైనా ఉంటే అది శాసనసభలోనే ఉండాలి, మీదే కావాలి.

అయ్యా, అమ్మా, పదవీ విరమణ తేదీల వరుసలో బకాయిలు చెల్లించండి. ఎవరికి ఏ నెలలో ఇస్తారో జాబితా బయట పెట్టండి. ఒకేసారి కుదరకపోతే విడతలుగా ఇవ్వండి, కానీ తేదీ చెప్పండి. గ్రూప్ ఇన్సూరెన్సు మొత్తం పెంచండి. బందోబస్తులో గుండె ఆగినా విధి నిర్వహణలో మరణంగానే లెక్కించండి. వచ్చే సమావేశాల్లో మా 15 మంది సభ్యుల్లో ఒక్కరైనా ప్రశ్నోత్తరాల సమయంలో ఈ బకాయిల తేదీ అడగండి. మళ్లీ చెబుతున్నాను, తేదీ చెప్పండి చాలు. అప్పు ఇచ్చిన వారికి నేను చెప్పుకోవడానికైనా ఒక తేదీ కావాలి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక విశ్రాంత ఏఎస్సై,
శ్రీకాకుళం జిల్లా